సోమశిలకు కాదు, మీ మామగారి ఊరి చెరువుకే వెళ్లండి

ప్రశ్న: మేము బెంగళూరులో ఉంటాం. మా అత్తగారి ఊరు నెల్లూరు జిల్లా ఆత్మకూరు దగ్గర. సంక్రాంతికి అయిదు రోజులు వెళుతున్నాం. ఈసారి అందరం కలిసి చేపలు పట్టడానికి వెళ్లాలని మా వారి కోరిక. నాలుగు వేలు పెట్టి రీలు ఉన్న కార్బన్ కర్ర కూడా కొన్నారు. సోమశిల జలాశయానికి వెళదామంటారు. చలికాలంలో చేప గాలానికి పడదని మామగారు కొట్టిపారేస్తున్నారు. ఆయన వయసులో ఉన్నప్పుడు ఊరి చెరువులో బాగా పట్టేవారట. బాబుకు పన్నెండేళ్లు, పాపకు ఏడు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. నాకు ఈత రాదు, నీళ్లంటే భయం. వెళ్లాలా, మానుకోవాలా? వెళితే ఎక్కడికి, ఎప్పుడు, ఏమేమి తీసుకువెళ్లాలి?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: తప్పకుండా వెళ్లండమ్మా. మూడు తరాలు ఒకే గట్టు మీద కూర్చునే అవకాశం ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది? అయితే సోమశిలకు వద్దు. మీ మామగారి ఊరి చెరువుకే వెళ్లండి. ఆయనను వెంట తీసుకువెళ్లడం కాదు, ఆయన వెంట మీరందరూ వెళ్లండి. నేను చెప్పదలచుకున్న దానిలో ముఖ్యమైనది ఇదే.

సోమశిల ఎందుకు వద్దంటున్నానో ముందు చెబుతాను, మీ వారికి చదివి వినిపించండి. పెన్న మీద కట్టిన ఆ జలాశయం నిండితే 78 టీఎంసీలు. అంత నీటి ముందు గట్టున కూర్చుని గాలం వేస్తే చేప ఎక్కడ ఉందో తెలియదు. ఒడ్డు నుంచి నాలుగు అడుగులు వేసేసరికి లోతు ఒక్కసారిగా పెరిగే చోట్లు ఉంటాయి. మునిగిన చెట్ల మొదళ్లకు గాలం తగులుకుంటే దారం తెగేదాకా లాగడమే పని. కూర్చోవడానికి నీడ దొరకదు, అత్తగారు రాళ్ల మీద దిగలేరు. ఇక ఆనకట్టకు దిగువన, నది పాయల్లోకి పిల్లలతో దిగడం అసలు వద్దు. పైన గేటు ఎత్తితే కింద నీళ్లు ఎంత త్వరగా పెరుగుతాయో పెన్న ఒడ్డున పుట్టినవాళ్లకు తెలుసు. 2021 నవంబరు వరదను చూసినవాళ్లు ఆ ఊళ్లలో ఎవరిని అడిగినా చెబుతారు. సోమశిలను చూడటానికి ఒక పూట వెళ్లండి. సోమేశ్వరుడి గుడి ఉంది, కొండల మధ్య నీళ్లు కళ్లకు నిండుగా ఉంటాయి. గాలం కర్ర మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి.

పైగా అక్కడ చేపలు పట్టే హక్కు లైసెన్సు ఉన్న మత్స్యకారులది. వాళ్ల బతుకు ఆ నీళ్లే. మనం సరదా కోసం వెళ్లి వాళ్ల వలల పక్కన గాలాలు విసరడం మర్యాద కాదు.

ఆ మాటకు వస్తే ఊరి చెరువైనా ఊరికే లేదు. మన వైపు చెరువులు చాలావరకు మత్స్యకారుల సహకార సంఘానికో, పంచాయతీ వేలంలో పాడుకున్నవాళ్లకో లీజుకు ఉంటాయి. వానలు పడి చెరువులోకి నీళ్లు చేరాక వాళ్లు డబ్బు పెట్టి చేప పిల్లలను తెచ్చి వదులుతారు. ఎండలకు నీళ్లు తగ్గినప్పుడు వల వేసి పడతారు. మధ్యలో వచ్చే సంక్రాంతికి ఆ బొచ్చెలు, రోహులు ఇంకా ఎదిగే వయసులోనే ఉంటాయి. అందుకని భోగి నాటి సాయంత్రమే మామగారితో మీ వారిని లీజుదారుల ఇంటికి పంపండి. “పిల్లలకు సరదా, ఒక్క పూట గాలం వేసుకుంటాం. బొచ్చె, రోహు, మోసు చిన్నవి పడితే వదిలేస్తాం. జిలేబీ చేపలు, పరిగెలు మాత్రం తీసుకుంటాం. మీరు ఎంత ఇమ్మంటే అంత ఇస్తాం” అని చెప్పమనండి. ఊరి పెద్దమనిషి గడప దాకా వచ్చి అడిగితే కాదనేవాళ్లు తక్కువ. అడగకుండా వేస్తే మాత్రం మీరు బెంగళూరు వెళ్లిపోయాక ఆ మాట పడేది మామగారు.

రోజు విషయం. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా, మీ ఇంట్లో ఆ పట్టింపు ఉంటే ముక్కనుమ నాడు పెట్టుకోండి. భోగి, సంక్రాంతి పిండివంటలతో గడిచిపోతాయి. ముక్కనుమకు ఇంట్లో అందరికీ నీచు మీద మనసు లాగుతూ ఉంటుంది. ఇంకో సంగతి కూడా కలిసి వస్తుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు, తుపానులు. 2023 డిసెంబరులో మిచాంగ్ మన తీరాన్ని ఎలా కొట్టిందో మరిచిపోయి ఉండరు. ఆ రోజుల్లో వాగుల నీళ్లు చేరి చెరువు ఎర్రగా, బురదగా ఉంటుంది. చేపకు ఎర కనిపించదు. సంక్రాంతి నాటికి బురద అడుగుకు దిగి నీళ్లు తేటపడతాయి, చెరువు నిండుగా ఉంటుంది. ఒకవేళ జనవరిలోనూ వాన హెచ్చరిక వస్తే మాత్రం ఆశ పడకండి, ఆ పూట ఇంట్లో అష్టాచెమ్మా ఆడుకోండి.

ఇప్పుడు మామగారి మాట. చలికాలంలో చేప గాలానికి పడదన్నది సగం నిజం. చేపకు మనలాగా ఒంట్లో వేడి నిలవదు, నీళ్లు ఎంత చల్లగా ఉంటే దాని ఒళ్లూ అంతే. బొచ్చె, రోహు, మోసు జాతులు 25 నుంచి 30 డిగ్రీల నీళ్లలో హాయిగా మేస్తాయి. జనవరి తెల్లవారుజామున నీళ్లు అంతకన్నా చల్లగా ఉంటాయి, అరుగుదల మందగిస్తుంది, ఆకలి తగ్గుతుంది. దానికి తోడు రాత్రంతా నీటిలోని మొక్కలూ నాచూ ప్రాణవాయువును వాడేసుకుంటాయి. ఎండ వచ్చాక గాని అది తిరిగి పెరగదు. మామగారి తరంవారు చలికాలంలోనూ పొద్దున్నే పొలానికి వెళుతూ గాలం వేసి ఉంటారు, చేప పడక విసిగి ఉంటారు. అదే పదింటి తరువాత వేసి ఉంటే మాట వేరుగా ఉండేది. ఎండ ఒడ్డు పక్కన ఉన్న పల్చటి నీటిని వేడి చేస్తుంది, చిన్న చేపలు అక్కడికి చేరతాయి. పది నుంచి మూడున్నర వరకు మీ వేళ. ఇది కుటుంబానికి కూడా వరమే. పిల్లలను చలిలో లేపనక్కరలేదు, అత్తగారు కాళ్లకు కాస్త ఎండ పట్టాక బయలుదేరవచ్చు. తెల్లవారుజామున రోడ్ల మీద ఉండే మంచు బెడద కూడా తప్పుతుంది.

ఆయన మాటలో నిజమైన సగం కొరమీను గురించి. దాని మీద ఆశ పెట్టుకోకండి. నీళ్లు ఇంకిన ఎండాకాలంలో దొరికినంత సులభంగా నిండు చెరువులో అది దొరకదు.

కాబట్టి మీ గురి జిలేబీ, పరిగె. చిన్నచూపు చూడకండి. జిలేబీ (తిలాపియా) ఆఫ్రికా చేప, 1952లో మన దేశానికి తెచ్చారు, ఇప్పుడు అది లేని చెరువు అరుదు. పెంపకందారులు దాన్ని బెడదగానే చూస్తారు కాబట్టి మీరు ఎన్ని పట్టినా ఎవరూ బాధపడరు. మీ పాపకు ఒక సంగతి చెప్పండి: తల్లి జిలేబీ గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, పిల్లలు బయటికి వచ్చాక కూడా భయమేస్తే అవి తిరిగి తల్లి నోట్లోకే దూరతాయి. ఏడేళ్ల పిల్ల ఆ రోజంతా దాని గురించే అడుగుతుంది.

గాలం సంగతి. నాలుగు వేల కర్రను మీ వారు తెచ్చుకోనీయండి, ముచ్చటపడి కొన్నారు కదా. ఒక్క షరతు. కార్బన్ కర్రలో కరెంటు పారుతుంది. చెరువు కట్టల మీద మోటార్లకు వెళ్లే తీగలు చాలాచోట్ల కిందికి వేలాడుతూ ఉంటాయి. తల ఎత్తి చూడకుండా కర్ర ఎత్తకూడదు, తీగల కింద నడిచేటప్పుడు మడిచి పట్టుకోవాలి. ఇది మాత్రం గట్టిగా చెప్పండి.

పిల్లలకు రీలు వద్దు. ఎనిమిది అడుగుల సన్నని వెదురు కర్ర, కర్రంత పొడవు నైలాన్ దారం, చిటికెన వేలి గోరులో ఇమిడే చిన్న గాలం, దానికి జానెడు పైన చిన్న సీసపు గుండు, ఇంకా పైన నీటి మీద తేలే బెండు. బెండును బజారులో కొనకండి. చెరువు పక్కన ఎండిన జీలుగు కాడ దొరికితే మామగారు కోసి చెక్కుతారు, బాబు చేత చెక్కించమనండి. గాలం కొనకు వెనకగా తిరిగి ఒక చిన్న ముల్లు ఉంటుంది, దాన్ని పట్టకారుతో నొక్కేయండి. నాలుగు చేపలు జారిపోతాయేమో గాని, వేలికి గుచ్చుకుంటే సులువుగా వస్తుంది, వదలదలచుకున్న చేప నోరూ చిరగదు. ముల్లు నొక్కని గాలం ఎవరికైనా లోతుగా దిగితే వెనక్కి పీకకండి, నేరుగా ఆసుపత్రికి వెళ్లి తీయించి, టీటీ సూది వేయించండి.

ఎరకు రెండు రకాలు చాలు. కుడితి తొట్టి పక్కన తడి నేల తవ్వితే వానపాములు దొరుకుతాయి. ఒక్కోదాన్ని చిన్న ముక్క చేసి గుచ్చాలి, చలికాలపు చేప పెద్ద ముద్దను చూసి పక్కకు పోతుంది. రెండోది పిండి. గోధుమ పిండిలో వేరుశనగ చెక్క పొడి కలిపి గట్టిగా పిసికి, అందులో చిటికెడు దూది విదిలించి కలపండి, నీళ్లలో త్వరగా కరగదు. శనగగింజంత ఉండ చేసి గాలం కొన దాగేలా గుచ్చాలి. వేసే చోట పిడికెడు తవుడు తడిపి జల్లండి. పిడికెడు అంటే పిడికెడే. కడుపు నిండిన చేప గాలం వైపు రాదు.

కూర్చునే చోటు మామగారు చూపిస్తారు. నా వరకు, తామరాకులు ఆగిపోయి తేట నీళ్లు మొదలయ్యే అంచు మంచిది. మీ నీడ నీళ్ల మీద పడకుండా కూర్చోవాలి. నిలబడి అటూ ఇటూ నడిస్తే నేల అదురు చేపకు తెలుస్తుంది, మాటల కన్నా అడుగులకే అది ఎక్కువ బెదురుతుంది. కాబట్టి పాపను కబుర్లు చెప్పనివ్వండి, గంతులు మాత్రం వద్దనండి.

ఇక బెండు. నా చిన్నతనంలో మా నాన్న కర్ర నా చేతికిచ్చి, బెండు మీద తన చూపుడు వేలి నీడ పడేలా చెయ్యి చాచి “ఇప్పుడు ఏమంటున్నదో విను” అనేవారు. నిజంగా అది మాట్లాడుతుంది. పరిగె పిల్లలు ముట్టుకుంటే బెండు చలి పుట్టినట్టు వణుకుతుంది, చుట్టూ సన్నని వలయాలు. అప్పుడు లాగకూడదు. జిలేబీ అయితే రెండు సార్లు తల ఊపి, తరువాత నీటి మీద పక్కకు జారుతూ పోయి వాలుగా మునుగుతుంది. అప్పుడు మణికట్టుతో ఒక్క ఊపు, అంతే, భుజంతో లాగకూడదు. ఎర్రమోసు తమాషా చేస్తుంది. అది అడుగున మేసే చేప, ఎరను నోట పట్టి పైకి లేస్తుంది, బరువు తేలిపోయి బెండు మునగకుండా నీటి మీద పడుకుంటుంది. చేప లేదని పిల్లలు నిరాశ పడేది సరిగ్గా అక్కడే. బాబుకు ఈ మూడూ చెప్పి చూడండి, ఫోను జేబులోనే ఉండిపోతుంది.

మీ భయం గురించి. దాన్ని వదులుకోమని చెప్పను. ఆ గట్టు మీద భయపడే మనిషి ఒకరు ఉండాలి, అది మీరే కావడం మంచిది. మా ఊరి చెరువులో ఎండాకాలంలో ఇటుక బట్టీలకు మట్టి తవ్వుకుపోయారు. వానలకు చెరువు నిండింది, గుంత కనిపించకుండా పోయింది. మోకాలి లోతు నీళ్లలో పరిగెలు పడుతున్న మా పిన్ని కొడుకు ఒక్క అడుగు పక్కకు వేసి మాయమయ్యాడు. గేదెలు కడుగుతున్న మనిషి జుట్టు పట్టి లాగాడు కాబట్టి ఇవాళ ఉన్నాడు. మోకాలి లోతు అన్న మాటను నేను అప్పటి నుంచి నమ్మను. ఈ మధ్య మట్టి తవ్వని చెరువు ఎక్కడుంది? కాబట్టి ఎవరూ నీళ్లలోకి దిగకూడదు, గాలం తగులుకుంటే దారం తెంపేసుకోవాలి. పిల్లలిద్దరికీ లైఫ్ జాకెట్లు బెంగళూరులోనే కొనండి. ఒక్కో పిల్లకు ఒక్కో పెద్దమనిషి, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండాలి. పాప మీ వంతు, బాబు మీ వారి వంతు. ఆ సమయంలో మీ వారి చేతిలో కర్ర ఉండదు. ఆయన పట్టుకోవాలంటే బాబును మామగారి పక్కన కూర్చోబెట్టి, అప్పుడు పట్టుకోవాలి.

తూము దగ్గరికీ, కలుజు (అలుగు) మీదికీ పిల్లలను వెళ్లనివ్వకండి. చెరువు నిండి కలుజు పారుతుంటే చూడముచ్చటగా ఉంటుంది, కాని పాచి పట్టిన రాయి మీద కాలు నిలవదు. కాలువల్లో గాలం వేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. జనవరిలో నెల్లూరు వైపు వరి కోసం కాలువలు నిండుగా పారుతూ ఉంటాయి, సిమెంటు గోడల కాలువలో పడినవాళ్లకు పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

జెల్ల (మీసాల చేప) పడితే పిల్లలను ముట్టుకోనివ్వకండి. దాని రెక్కల పక్కన, వీపు మీద ముళ్లు ఉంటాయి, గుచ్చుకుంటే సలుపుతుంది. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంటో, ఇంకా ఎక్కువసేపో ముంచి ఉంచితే నొప్పి దిగుతుంది. ఒక ఫ్లాస్కు నిండా వేడి నీళ్లు ఎలాగూ టీ కోసం తెస్తారు, ఇందుకు కూడా పనికి వస్తాయి. గట్టు మీద పొదల్లోకి చెయ్యి పెట్టవద్దు. నీళ్లలో తల ఎత్తి పోయేది చాలావరకు నీరుకట్టె, విషం లేనిది. రక్తపింజరి మాత్రం గట్టు గడ్డిలోనే ఉంటుంది. ఏ పాము కాటైనా కట్లు కట్టడం, కోయడం, మంత్రాలు వద్దు. 108కి ఫోను చేసి, కదిలించకుండా ఆసుపత్రికి చేర్చండి.

అత్తగారికి నీడలో ఒక కుర్చీ వేయండి. గట్టు మీద చింతచెట్టో, తుమ్మచెట్టో ఉండనే ఉంటుంది. ఆమెకు ఏదో ఒక పని అప్పగించండి, ఊరికే కూర్చోబెడితే మధ్యాహ్నానికే ఇంటికి పోదామంటారు. పట్టిన చేపలు వేసే తడి గోనెసంచి ఆమె దగ్గర పెట్టండి. ఎన్ని పడ్డాయో, ఏవి వదలాలో లెక్క ఆమెది. తినడానికి పులిహోర, పెరుగన్నం చాలు, పండగ అరిసెలు ఉండనే ఉంటాయి. ప్లాస్టిక్ సంచులు, తెగిన దారం ముక్కలు మొత్తం ఏరి తెచ్చేయండి. నైలాన్ దారం కొంగల కాళ్లకు చుట్టుకుంటే అవి ఎగరలేవు.

ప్రకాశం జిల్లా పాఠకులు కూడా ఇలాంటి ప్రశ్నలే పంపుతుంటారు కాబట్టి వాళ్లకూ ఒక మాట. మల్లవరం దగ్గరి గుండ్లకమ్మ ప్రాజెక్టుకైనా, పడమటి వైపు కంభం చెరువుకైనా ఇదే మాట వర్తిస్తుంది: చూడటానికి వెళ్లండి, గాలం మీ ఊరి చిన్న చెరువులో వేయండి. విజయనగర కాలం నాటి కంభం చెరువుకు 2020లో ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడంగా గుర్తింపు వచ్చింది, ఆ కట్ట మీద ఒక సాయంత్రం నడిచినా చాలు. ఇంకొకటి, కనిగిరి రిజర్వాయర్ అని ఎవరైనా చెబితే ఫోనులో కనిగిరి ఊరికి దారి పెట్టుకోకండి. ఆ రిజర్వాయర్ బుచ్చిరెడ్డిపాళెం దగ్గర, నెల్లూరు జిల్లాలో ఉంది. సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టుకు చలికాలంలో గూడబాతులను చూడటానికి వెళ్లేవాళ్లు అక్కడి చెరువులో గాలం వేయాలన్న ఆలోచనే పెట్టుకోవద్దు, అది పక్షుల రక్షిత కేంద్రం.

మళ్లీ మీ ఇంటికి వద్దాం. నాలుగు గంటల పాటు కూర్చుంటే పది, పదిహేను జిలేబీలు, కొన్ని పరిగెలు పడితే మంచి రోజే. ఆరుగురికి పులుసు రాదు. కాబట్టి మొదటే ఏర్పాటు చేసుకోండి: ఆ పొద్దున వల వేసినవాళ్ల దగ్గర రెండు కిలోల బొచ్చె కొని ఇంట్లో పెట్టుకోండి. పిల్లలు పట్టినవి వేపుడు, కొన్నది పులుసు. జిలేబీని రాళ్ల ఉప్పుతో, పరిగెలను బూడిదతో రుద్ది కడిగితే జిగురు పోతుంది. జనవరిలో పులుసుకు మామిడికాయ దొరకడం కష్టం, రెండు టమాటాలు ఎక్కువ వేసి, చింతపండు పాతది వాడండి. మెంతులు, ధనియాలు, జీలకర్ర వేయించి కొట్టిన పొడి దించే ముందు వేయాలి, ముక్క వేశాక గరిటె పెట్టకుండా గిన్నెను పట్టుకుని తిప్పాలి. అత్తగారికి ఇవన్నీ నాకన్నా బాగా తెలుసు. ఆ రాత్రి వేపుడు తినండి. పులుసును మాత్రం మట్టి కుండలో మూత పెట్టి, పొద్దుటి దాకా ఎవరినీ ముట్టుకోనివ్వకండి. మరునాడు బెంగళూరు ప్రయాణానికి ముందు, మంచు విడిపోయే దాకా ఎలాగూ ఆగాలి కదా, వేడి అన్నంలో ఆ పులుసు కలుపుకుని తిని బయలుదేరండి.